త్రీడీ ప్రింట్ డ్రెస్సింగులు: అపోహలు - వాస్తవాలు

గాయాల మీద వేసే హైడ్రోజెల్ (నీటిని పట్టి ఉంచే జెల్) డ్రెస్సింగులను త్రీడీ ప్రింటర్‌తో ప్రింట్ చేయడం నా పని. ఆ సంగతి తెలిసినవాళ్లు అడిగేది దాదాపు ఒకటే: "మా నాన్నగారి కాలికి షుగర్ పుండు. అదొకటి వేస్తే మానిపోతుందట కదా?"

అపోహ: ప్రింటెడ్ డ్రెస్సింగ్ వేస్తే షుగర్ పుండు మానిపోతుంది.

వాస్తవం: ఒక్క డ్రెస్సింగ్‌తో మానదు. ఈ నమ్మకం వల్ల కాళ్లు పోతున్నాయి కాబట్టి కటువుగానే చెబుతున్నాను. షుగర్ వల్ల పాదంలో స్పర్శ పోతుంది. చెప్పు ఒరిసినా, ముల్లు దిగినా తెలియదు. నొప్పి లేదు కాబట్టి మనిషి ఆ కాలు మోపి నడుస్తూనే ఉంటాడు, పుండు లోపల కండ నలుగుతూనే ఉంటుంది. ముందు పుండు మీద బరువు పడకుండా చూడాలి. అందుకే మోకాలి కిందివరకు ప్రత్యేకమైన కట్టు వేస్తారు. కుళ్లిన కండ తీసేయాలి, ఇన్ఫెక్షన్ ఉంటే మందులు వాడాలి, కాలికి రక్తం అందుతోందో లేదో పరీక్షించాలి. డ్రెస్సింగ్ సంగతి ఆ తర్వాతే.

ఒకబ్బాయి తండ్రి పాదం ఫొటో పంపాడు. మడమ నల్లబడిపోయి ఉంది. "కొత్త డ్రెస్సింగ్ వస్తుందన్నారని ఆసుపత్రికి వెళ్లడం ఆపేశాం సార్" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. కాలు తీసేస్తారేమోనన్న భయంలో ఏ ఆశ దొరికినా పట్టుకుంటాం. నా కోపమంతా డ్రెస్సింగ్ వేస్తే చాలు పుండు మానిపోతుందని వీడియోలు చేసేవాళ్ల మీదే. ఆ రోజే రక్తనాళాల సర్జన్ దగ్గరికి తీసుకెళ్లమన్నాను.

మరి ప్రింటింగ్‌తో ఏమిటి లాభం? సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ జెల్‌ను నాజిల్ గుండా పొరలు పొరలుగా పోసి, కాల్షియంతో గట్టిపరుస్తాం. రంధ్రాలు ఎంత ఉండాలో, మందు ఏ పొరలో ఉండాలో, అంచు ఏ ఆకారంలో రావాలో మన చేతిలో ఉంటుంది. 2017లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ముక్కు, చెవి స్కాన్ చేసి, వాటికి సరిపడే ఆకారంలో వెండి, రాగి, జింకు కలిపిన డ్రెస్సింగులు ప్రింట్ చేశారు. వాటి పనితనం చూసింది ల్యాబులో బ్యాక్టీరియా మీద, రోగుల మీద కాదు.

అపోహ: ఇది కృత్రిమ చర్మం. కాదు. మేం చేసేవాటిలో జీవకణాలు ఉండవు. కణాలతో చర్మం ప్రింట్ చేయడం వేరే పరిశోధన.

అపోహ: ఇంట్లో ప్రింటర్ ఉంటే చేసుకోవచ్చు. వద్దు. అది స్టెరైల్ (క్రిములు లేనిది) కాదు, ఇంటి ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్‌లో ఏ రంగులు కలిపారో కూడా తెలియదు.

అపోహ: పుండును గాలికి ఆరబెడితేనే మానుతుంది. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసిన ప్రయోగంలో, పైన ఫిల్మ్ కప్పి తేమగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంగా పెరిగింది. మా జెల్ కూడా ఆ తేమ కోసమే. అయితే రక్తం అందక నల్లగా ఎండిపోయిన మడమ సంగతి వేరు. దాన్ని డాక్టర్ చూడకుండా తడపకూడదు, జెల్ అసలే పెట్టకూడదు. పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, దుర్వాసన వస్తున్నా, జ్వరం తగిలినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.