మంచి కార్డులన్నీ కలిపితే మంచి డెక్ అవుతుందా? కొన్ని అపోహలు – వాస్తవాలు

ట్రేడింగ్ కార్డుల ఆటల్లో ఎవరి డెక్ (ఆడటానికి తెచ్చుకునే కార్డుల కట్ట) వాళ్లే కట్టుకుంటారు. నేను కట్టిన మొదటి డెక్‌లో 87 కార్డులు ఉండేవి. ప్యాకెట్లు చించినప్పుడు బొమ్మ బాగున్నది, దెబ్బ గట్టిగా తగిలేది, మెరిసేది ఏది కనిపించినా అందులో చేర్చేశాను. వరసగా ఓడిపోతూ, ‘నా చేతికి సరైన కార్డు పడి చావదు’ అని అదృష్టాన్ని తిట్టుకునేవాణ్ని. చివరికి ఒక అనుభవమున్న ఆటగాడు ఆ కట్టంతా బల్ల మీద పరిచి, “వీటిలో నువ్వు మూడో టర్న్ (వంతు) లోపు ఆడగలిగేవి ఎన్ని?” అని అడిగాడు. లెక్కపెట్టాం. పదకొండు.

ఇప్పుడు కొత్తవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల డెక్‌లు సరిచేయడం నాకు అలవాటైపోయింది. ఒకరిది మ్యాజిక్, ఒకరిది పోకెమాన్, ఇంకొకరిది యూగియో. ఆటలు వేరైనా వినిపించే మాటలు మాత్రం దాదాపు ఒకటే. వాటిలో తరచూ వినేవి ఇక్కడ రాస్తున్నాను. శాతాలన్నీ ఎవరైనా సరిచూసుకోగల మామూలు సంభావ్యత లెక్కలే.

అపోహ: కార్డులు ఎక్కువుంటే అవకాశాలూ ఎక్కువ

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. డెక్ సంగతీ అంతే.

యూగియోలో మెయిన్ డెక్ 40 నుంచి 60 కార్డుల దాకా ఉండొచ్చు, ఒకే కార్డు మూడు కాపీల వరకు పెట్టుకోవచ్చు. మీ డెక్ మొత్తానికి ఆధారమైన కార్డు ఒకటుందనుకుందాం, మూడు కాపీలూ పెట్టారు. మొదట తీసే ఐదు కార్డుల్లో అది కనీసం ఒకటి వచ్చే అవకాశం 40 కార్డుల డెక్‌లో 34 శాతం. 60 కార్డుల డెక్‌లో 23 శాతమే. అదనంగా వేసిన ఆ ఇరవై కార్డులూ చేసిన పని, మీ మంచి కార్డును మీకు దూరంగా జరపడం.

మ్యాజిక్‌లో కనీసం 60 ఉండాలి, పైకి పరిమితి లేదు. కాబట్టి కొత్తవాళ్లు 60 దగ్గర ఆగరు. పోకెమాన్‌లో ఈ గొడవే లేదు, కచ్చితంగా 60 ఉండాల్సిందే. యూగియోలో కావాలని 60 ఆడే నిపుణులు ఉన్న మాట నిజమే. గ్రేవ్‌యార్డ్ (వాడేసిన కార్డుల కుప్ప) నింపుకుని ఆడే కొన్ని డెక్‌లకు అది పనికొస్తుంది. మొదటి డెక్‌కు ఆ సంగతి అనవసరం.

‘ఏది తీసెయ్యాలో తెలియడం లేదు’ అనేవాళ్లకు నేను చెప్పే చిట్కా ఒకటుంది. అనుమానంగా ఉన్న రెండు కార్డులు పక్కపక్కన పెట్టండి. ఓడిపోయే ఆటలో, తర్వాతి కార్డుగా ఈ రెంటిలో ఏది వస్తే ఊపిరి పీల్చుకుంటారు? ఇంకోదాన్ని తీసెయ్యండి.

అపోహ: అన్నీ ఒక్కొక్కటి పెడితే డెక్‌లో వైవిధ్యం ఉంటుంది

ఉంటుంది. ఎంత ఉంటుందంటే మీ డెక్ ఏం చేస్తుందో మీకే తెలియనంత.

60 కార్డుల్లో ఒకే కాపీ ఉన్న కార్డు మొదటి ఏడింటిలో వచ్చే అవకాశం 12 శాతం లోపే. నాలుగు కాపీలు పెడితే 40 శాతం. మ్యాజిక్‌లో ముందుగా ఆట మొదలుపెట్టినవాళ్లు తమ నాలుగో టర్న్‌కి మొత్తం పది కార్డులు చూస్తారు. అప్పటికి ఆ 40 శాతం కాస్తా 53కి చేరుతుంది. అంటే నాలుగు కాపీలున్నా, నాలుగో టర్న్‌కి అది మీ చేతికి రావడం బొమ్మా బొరుసా లాంటిదే. ఇక ఒక్క కాపీ పెట్టుకుని దాని మీద ఆశలన్నీ పెట్టుకుంటే ఎలా?

పోకెమాన్‌లో దీనికి ఇంకో చిక్కు ఉంది. ఆట మొదట్లోనే ఆరు కార్డులు ప్రైజ్ కార్డులుగా బోర్లా పెట్టాలి. మీ ఒకే ఒక్క కాపీ వాటిలో ఇరుక్కుపోయే అవకాశం పదింట ఒకటి. ఆటంతా దానికోసం వెతుకుతూ కూర్చుంటారు, అదేమో మీ ఎదురుగానే బోర్లా పడి ఉంటుంది.

నేను పాటించే లెక్క ఇది. ప్రతి ఆటలోనూ, వీలైనంత ముందుగా కావాల్సిన కార్డు నాలుగు. ఒకటొస్తే చాలు, రెండోది వస్తే చేతిలో బరువే అనుకునేది మూడు. ఆట సాగాక మాత్రమే అక్కరకొచ్చేది రెండు. వెతికి తెచ్చుకునే కార్డులు వేరే ఉంటే తప్ప ఏదీ ఒకటి పెట్టను. (యూగియోలో గరిష్ఠం మూడే కనుక ఒక్కో మెట్టు దించుకోండి.) మ్యాజిక్‌లో కమాండర్ అనే పద్ధతి ఈ లెక్కకు లొంగదు. అందులో నూరు కార్డులు, బేసిక్ ల్యాండ్లు (మామూలు నేల కార్డులు) తప్ప ఏదీ రెండోసారి ఉండకూడదు. సరదా ఆటే, కానీ సొంతంగా డెక్ కట్టడం దానితో మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను.

అపోహ: ల్యాండ్లు, ఎనర్జీలు దండగ. ఆ చోటులో అసలు కార్డులు పెట్టాలి

నేను చూసిన మొదటి డెక్‌లలో ఎక్కువ శాతం చచ్చేది ఇక్కడే. కాస్త ఓపిగ్గా చదవండి. మ్యాజిక్‌లో కార్డులు ఆడటానికి కావాల్సిన మానా అనే శక్తిని ల్యాండ్లు ఇస్తాయి, పోకెమాన్‌లో దాడికి కావాల్సిన శక్తిని ఎనర్జీలు ఇస్తాయి.

మ్యాజిక్‌లో 60కి 24 ల్యాండ్లు చాలాకాలంగా వాడుకలో ఉన్న అంకె. కొత్తవాళ్లకు అది చూడగానే గుండె తరుక్కుపోతుంది. ‘దాదాపు సగం డెక్ ఉత్త నేలేనా?’ అంటూ ఆరు తీసి ఆరు డ్రాగన్లు వేస్తారు. ఫలితం చూడండి. 24 ఉన్నప్పుడు మొదటి ఏడు కార్డుల్లో ల్యాండ్ అసలు రాకపోవడం, లేదా ఒకటే రావడం 14 శాతం సార్లు జరుగుతుంది. 18కి దించితే అది 31 శాతం. అంటే దాదాపు ప్రతి మూడు ఆటల్లో ఒకటి మొదలవకముందే చెడిపోతుంది. ముల్లిగన్ (ఆ చేయి వదిలేసి కొత్తది తీయడం) తీసుకోవచ్చు, కానీ మళ్లీ ఏడు తీసి అందులో ఒకటి డెక్ అడుగున పెట్టాలి. ఒక కార్డు నష్టం. పోనీ, ఆ ఆరు డ్రాగన్లూ చేతికొచ్చాయనుకోండి, వాటిని దించడానికి కావాల్సిన ల్యాండ్లనేగా తీసేసింది!

అదే 24తో రెండు, మూడు లేదా నాలుగు ల్యాండ్లు ఉన్న చేయి 77 శాతం సార్లు వస్తుంది. ఆడుకోదగ్గ చేయి అంటే అదే.

ల్యాండ్ల తర్వాత చూడాల్సింది ఖర్చు, అంటే ఒక్కో కార్డు ఆడటానికి పట్టే మానా. మిగిలిన 36 కార్డులను ఖర్చు ప్రకారం వరసలుగా పేర్చండి. సాదాసీదా దాడి డెక్ అయితే ఒకటి ఖర్చయ్యేవి 8, రెండువి 12, మూడువి 8, నాలుగువి 5, ఐదు ఆపైనవి 3 ఉంటే నాకు మనసు కుదుటపడుతుంది. ఇదేమీ శాసనం కాదు. నెమ్మదిగా ఆడే డెక్‌లో పైవరసలు పెరుగుతాయి, వాటితోపాటు ల్యాండ్లూ పెరగాలి. కొత్తవాళ్ల డెక్ పేర్చితే సాధారణంగా తలకిందులుగా కనిపిస్తుంది. ఐదు, ఆరు ఖర్చుల వరస కొండలా ఉంటుంది, రెండు ఖర్చుల దగ్గర ఎడారి.

పోకెమాన్‌లో సరిగ్గా ఎదురు తప్పు చేస్తారు. ఎనర్జీలు పద్దెనిమిది, ఇరవై వేసేస్తారు. మామూలుగా టర్న్‌కి ఒక్క ఎనర్జీయే తగిలించగలం, డెక్‌లోంచి ఇంకా కార్డులు తీసుకోనిచ్చే ట్రైనర్ కార్డులేమో బోలెడు. అందుకే గట్టి డెక్‌లలో చాలావాటికి పదీ పన్నెండుకు అటూ ఇటూ సరిపోతాయి. అక్కడ అసలు చూసుకోవాల్సింది బేసిక్ పోకెమాన్ల (నేరుగా బల్ల మీద దించగలిగేవాటి) సంఖ్య. మొదటి ఏడింటిలో బేసిక్ ఒక్కటీ లేకపోతే చేయి చూపించి మళ్లీ కలపాలి, ప్రతిసారికీ ఎదుటివాళ్లు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు. బేసిక్‌లు నాలుగే ఉంటే ఇది 60 శాతం సార్లు జరుగుతుంది. ఎనిమిది ఉంటే 35, పన్నెండు ఉంటే 19. పెద్ద పెద్ద ఎవల్యూషన్లతో డెక్ నింపి, అవి నిలబడే బేసిక్‌లను మరిచిపోవడం పునాది లేకుండా మేడ కట్టడమే.

అపోహ: అరుదైన కార్డే బలమైన కార్డు

అరుదు అనేది ప్యాకెట్లో ఎంత తరచుగా దొరుకుతుందో చెప్పే మాట. బల్ల మీద అది ఏం చేస్తుందో చెప్పే మాట కాదు.

రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన మ్యాజిక్ 1993లో బయటికి వచ్చింది. ఆ మొదటి సెట్‌లోనే లైట్నింగ్ బోల్ట్ అనే కార్డు ఉంది. ఒక్క ఎర్ర మానా ఖర్చుకి మూడు దెబ్బలు. కామన్ కార్డు. ఆటలో పేరున్న కార్డుల జాబితా ఎవరు రాసినా దాన్ని వదలరు.

1996లో పాల్ స్లై అనే ఆటగాడు జే ష్నైడర్ ఆలోచనతో కట్టిన ఎర్ర డెక్ ఒకటి టోర్నమెంట్‌కు పట్టుకెళ్లాడు. అందులోని చిన్న చిన్న గోబ్లిన్లనూ మరుగుజ్జులనూ అప్పట్లో చాలామంది చెత్త కింద లెక్కగట్టేవారు. కానీ మొదటి టర్న్ నుంచీ ప్రతి టర్న్‌లో ఉన్న మానా అంతా ఖర్చయ్యేలా లెక్కగా పేర్చిన డెక్ అది. బాగా నెగ్గింది, ఆ తరహా డెక్‌లకే అతని పేరు పడిపోయింది. పైన నేను చెప్పిన ఖర్చు వరసల ఆలోచన జనంలోకి పాకడంలో ఆ డెక్‌ది పెద్ద చెయ్యి.

యూగియోలో బ్లూ ఐస్ వైట్ డ్రాగన్ ఎవరికి ఇష్టం ఉండదు? దాడి 3000. కానీ ఎనిమిది నక్షత్రాలది. మామూలుగా దించాలంటే అప్పటికే బల్ల మీదున్న రెండు మాన్‌స్టర్లను బలివ్వాలి, నార్మల్ సమన్ (ఇలా మామూలుగా దించడం) టర్న్‌కి ఒక్కసారే. దాన్ని వేరే దారుల్లో దించే కార్డులు బోలెడున్నాయి, వాటన్నిటినీ కలిపి కడితే అది డెక్. డ్రాగన్లు మూడు మాత్రమే తెచ్చి వేరే డెక్‌లో పెడితే చేతిలో మూడు బొమ్మలు.

అపోహ: ఈ కార్డులన్నీ కలిశాయంటే ఆట అయిపోయినట్టే!

కలిస్తే. ఎక్సోడియా ఐదు ముక్కలూ చేతిలోకి వస్తే యూగియోలో అక్కడికక్కడే గెలుపు. 40 కార్డుల డెక్‌లో ఆ ఐదూ మొదటి చేతిలోనే రావడానికి అవకాశం 6,58,008లో ఒకటి. అందుకే నిజంగా ఎక్సోడియా ఆడేవాళ్ల డెక్‌లో మిగతా 35లో సింహభాగం కార్డులు తీసుకునేవి, ఎదుటివాళ్లను ఆపేవి.

కాంబో పెట్టుకోవద్దని కాదు. రెండు కార్డుల కాంబో అయితే, ఆ రెండూ విడివిడిగా కూడా పనికొచ్చేవేనా అని చూడండి. జత దొరికేదాకా చేతిలో ఖాళీగా కూర్చునే కార్డు అంటే ఒక కార్డు తక్కువతో ఆడుతున్నట్టే.

అపోహ: ఇంకొకరి డెక్ దించుకోవడం తప్పు. అపోహ: ఛాంపియన్ డెక్ దించుకుంటే గెలుస్తాం

రెండూ తప్పే. గెలిచిన డెక్ జాబితా చూసి కట్టుకోవడం మోసం కాదు, పాఠం. కానీ ఆ జాబితా ఆ వారం ఆ టోర్నమెంట్లో ఎదురయ్యే డెక్‌లను ఊహించి చేసినది. ఫలానా కార్డు మూడే ఎందుకు పెట్టారో చెప్పలేకపోతే ఆ డెక్ ఇంకా మీది కానట్టే. దుకాణంలో దొరికే రెడీమేడ్ డెక్‌తో పాతిక ఆటలాడి, అందులో నాలుగైదు కార్డులు మార్చడం నా దృష్టిలో మంచి మొదలు. కొనేముందు ప్రింట్ తీసిన ప్రాక్సీలతో (నకలు కార్డులతో) స్నేహితుల మధ్య ఆడి చూడండి, టోర్నమెంట్లో మాత్రం అవి చెల్లవు.

అపోహ: నా దగ్గరున్న ఏ కార్డైనా ఆడొచ్చు

ఆడే పద్ధతిని బట్టి ఉంటుంది. మ్యాజిక్, పోకెమాన్‌ల స్టాండర్డ్ పద్ధతిలో పాత సెట్లు కాలక్రమంలో తప్పుకుంటాయి. యూగియోలో నిషేధం, ఒకటికి పరిమితం, రెండుకి పరిమితం అని జాబితా ఉంటుంది, అది మారుతూ ఉంటుంది. వెళ్లేముందు చూసుకోండి.

అపోహ: రెండు కార్డులకొక ల్యాండ్ చొప్పున పేర్చి కలిపితే బాగా వస్తాయి

ఇది అడిగినవాళ్లెవరూ మోసం చేసే ఉద్దేశంతో అడగరు, అందుకే మెల్లగా చెబుతాను. పేర్చిన తర్వాత సరిగ్గా కలిపితే ఆ పేర్పు మొత్తం చెరిగిపోతుంది, శ్రమ వృథా. చెరగలేదంటే సరిగ్గా కలపలేదన్నమాట, టోర్నమెంట్లో దాన్ని జడ్జి మోసంగానే చూడొచ్చు. డేవ్ బేయర్, పెర్సీ డయాకోనిస్ అనే గణితవేత్తలు 52 పేకముక్కలకు ఏడు రిఫుల్ షఫుల్స్ (కట్టను రెండు చేసి అంచులు ఒకదానిలో ఒకటి జారవిడిచి కలపడం) అయితే సరిపోతుందని 1992లో చూపించారు. 60 కార్డులకు నేను ఎనిమిది చేస్తాను. కుప్పలుగా పంచడం కార్డుల లెక్క చూసుకోవడానికే, కలపడానికి కాదు.

అపోహ: మూడు ఆటలు ఓడిందంటే డెక్ పనికిరాదు

మూడు ఆటలతో ఏమీ తేలదు. పది పదిహేను ఆడండి, మధ్యలో మార్చకండి. ప్రతి ఆట అయ్యాక ఒక చిన్న పుస్తకంలో ఒకే ఒక్క సంగతి రాసుకోండి: ఆట ముగిసేసరికి నా చేతిలో ఆడకుండా మిగిలిపోయిన కార్డులు ఏవి? గెలిచినా రాయండి. పదిహేను ఆటలకు ఒకే పేరు ఆరేడుసార్లు కనిపిస్తే అది వెళ్లిపోవాల్సిన కార్డు, దాని బొమ్మ ఎంత బాగున్నా సరే. ఒకేసారి రెండు మూడుకి మించి మార్చకండి, మారిస్తే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో అర్థం కాదు.

నేను అలా మొదట తీసేసినది నాకెంతో ఇష్టమైన ఏడు ఖర్చుల డ్రాగన్. పుస్తకంలో దాని పేరు తొమ్మిదిసార్లు ఉంది. ఆ చోటులో రెండు ఖర్చయ్యే ఒక పిట్ట వచ్చింది, ఆ పిట్ట పేరు పుస్తకంలోకి ఎక్కనేలేదు.