ప్రింటర్ పక్కన మీరు చూసిన కుప్ప

చిరంజీవులు హాసినికి, ఆదిత్యకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న శనివారం మీ అమ్మతో ఆఫీసుకు వెళ్లి, ప్రింటర్ పక్కన మోకాలెత్తు కాగితాల కుప్ప చూశారట కదా. "కంప్యూటర్లున్న ఆఫీసులోనే ఇంత కాగితముంటే, అవి లేని మీ ఆఫీసులో ఇంకెంత ఉండేది అమ్మమ్మా?" అని హాసిని ఫోన్లో అడిగింది. రెండు రోజులుగా ఆ ప్రశ్నే నా మనసులో తిరుగుతోంది. ఫోన్లో చెప్పి ముగించే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

నేను ముప్పై రెండేళ్లు ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టుగా పనిచేశాను. మొదటి పదిహేనేళ్లూ మా దగ్గర కాగితం తక్కువే ఖర్చయ్యేది. మేం ఇప్పటివాళ్లకంటే మంచివాళ్లమని కాదు. ఒక్కో కాపీకీ చేతులు నొప్పి పుట్టేవి, అదీ కారణం.

టైపు మిషన్లో పైన మంచి కాగితం, దాని కింద నల్లటి కార్బన్, దాని కింద పల్చటి కాగితం, మళ్లీ కార్బన్, మళ్లీ పల్చటిది. ఇలా పొరలు పేర్చి ఎక్కించేదాన్ని. అడుగు కాపీ మీద అక్షరం పడాలంటే మీట గట్టిగా కొట్టాలి. ఐదో కాపీ దాటితే అంతా మసకే. అందుకే మా సూపరింటెండెంటు గారు ముందే ఆలోచించేవారు, ఇది ఎవరికి వెళ్లాలి, ఎవరు దాచుకోవాలి, ఎవరు చూసి పంపిస్తే చాలు అని. సర్క్యులర్ వస్తే ఒక్క కాపీ మీదే అందరి పేర్లు రాసేవాళ్లం. చదివినవాళ్లు పొట్టి సంతకం పెట్టి పక్క బల్లకు పంపేవాళ్లు. ఇరవై మందికి ఒక్క కాగితం! చిత్తు ప్రతులు ఎప్పుడూ వాడేసిన కాగితాల వెనకవైపే.

తర్వాత ప్రింటర్లు, జిరాక్స్ మిషన్లు వచ్చాయి. ఒక కాపీకైనా వంద కాపీలకైనా నొక్కేది ఒకే బటన్. చేతికి కష్టం తగ్గేసరికి కాగితానికి అడ్డు లేకుండా పోయింది. ఒకసారి ఏదో మీటింగుకి 40 పేజీల నోట్సు, ఒకవైపే ప్రింటు, 60 సెట్లు తీశాం. పిన్నులు కొట్టడం కూడా అయ్యాక మూడో పేజీలో ఒక అంకె తప్పని తేలింది. టైపు రోజుల్లో అయితే ఆ అంకె చేత్తో దిద్ది పొట్టి సంతకం పెట్టేవాళ్లు. ఆ రోజు అన్ని సెట్లూ మళ్లీ తీయమన్నారు. నేనే తీశాను. 2,400 కాగితాలు మూలకు చేరాయి. ఆ ఒక్క పేజీ మారిస్తే చాలు సార్ అని చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది.

ఆదిత్యకు లెక్కలిష్టం కదా, ఇది చూడు. ఏ4 కాగితాలు పదహారు పక్కపక్కన పేరిస్తే ఒక చదరపు మీటరు. కట్ట మీద 80 జీఎస్ఎమ్ అని ఉంటుంది, అంటే చదరపు మీటరు బరువు 80 గ్రాములు. పదహారుతో భాగిస్తే ఒక్కో కాగితం 5 గ్రాములు. ఆ రోజు మేం మూలన పడేసింది 12 కిలోలన్నమాట. ఇప్పుడు 40 మంది ఉన్న ఆఫీసులో మనిషికి రోజుకు పది కాగితాలు అనుకో. 250 పనిదినాలకు ఎంతవుతుందో కట్టి చూడు. నాకు అర టన్ను వచ్చింది.

ఆ అర టన్ను ఎక్కడి నుంచి వస్తుంది? కాగజ్‌నగర్ అనే ఊరి పేరులోనే కాగితం ఉంది. రాజమండ్రిలో, భద్రాచలం దగ్గర సారపాకలో కూడా పెద్ద మిల్లులున్నాయి. ఒకప్పుడు వీటికి అడవి వెదురు ఎక్కువగా వెళ్లేది. ఇప్పుడు చాలావరకు రైతులు పొలాల్లో పెంచిన సుబాబుల్, జామాయిల్, సరుగుడు కట్టెలే లారీల్లో వెళ్తున్నాయి. కాబట్టి ప్రతి కాగితానికీ ఒక అడవి చెట్టు కూలిందనుకోవద్దు. ఆ కట్టె అమ్ముకుని బతికే రైతులున్నారు, వాళ్లను తప్పు పట్టకూడదు. కాగితానికి చెట్టు ఒక్కటే ఖర్చు కాదని నా బాధ. కట్టెను ముక్కలు చేసి, కాస్టిక్ సోడా లాంటి రసాయనాలతో పెద్ద కుక్కర్ వంటి దాంట్లో ఉడికిస్తారు. పీచును అంటిపెట్టుకున్న జిగురు, అంటే లిగ్నిన్ కరిగిపోయేసరికి కట్టె బరువులో దాదాపు సగమే మిగులుతుంది. ఆ గుజ్జును జల్లెడ మీద పరిచేటప్పుడు అందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు నీళ్లే! ఆ నీళ్లన్నీ పిండి, ఆవిరితో వేడెక్కిన రోలర్ల మీద ఆరబెడితేనే మీ చేతిలో ఉన్న తెల్ల కాగితం. ఇంత నీరు, ఇంత వేడి పోసి చేసింది ఎవరూ చదవకుండా చెత్తబుట్టలోకి వెళ్తుంటే మనసు ఒప్పుకోదు.

మరి కంప్యూటర్లో ఫైలు ఉన్నా ఎందుకు ప్రింటు తీస్తారు? భయం. "ఎందుకైనా మంచిది, ఒక కాపీ ఉంచండి" అనే మాట నేను రోజుకు పదిసార్లు వినేదాన్ని. ఎలక్ట్రానిక్ రికార్డుకూ డిజిటల్ సంతకానికీ 2000లో వచ్చిన ఐటీ చట్టమే గుర్తింపు ఇచ్చింది. అయినా ఈ-ఆఫీసులో, అంటే ప్రభుత్వ ఫైళ్లను కంప్యూటర్లోనే నడిపే పద్ధతిలో, నడిచిన ఫైలునే మళ్లీ ప్రింటు తీసి ట్యాగు కట్టినవాళ్లను చూశాను. రేపు ఎవరైనా అడిగితే ఏం చూపించాలన్న టెన్షన్ వాళ్లది. పైవాళ్లు ముందు మారితే ఆ భయం పోతుంది. 2020లో సుప్రీంకోర్టే ఏ4 కాగితానికి రెండువైపులా ప్రింటు చేయాలని చెప్పింది. అంతకుముందు కోర్టు కాగితాలంటే ఒకవైపే. పెన్షన్ కోసం నేను బతికే ఉన్నానని ఏటా కాగితం పట్టుకుని తిరిగేదాన్ని, ఇప్పుడు జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చాక వేలిముద్రతో సరిపోతోంది.

కొన్ని కాగితాలు మాత్రం ఉండాలి. పొలం దస్తావేజుల వంటివి మా రికార్డు రూములో ఎలుకల నుంచి, చెదల నుంచి కాపాడాం. వాటిని తగ్గించమని నేననను.

ఈసారి వెళ్లినప్పుడు ఆ కుప్పలోంచి ఒక వంద కాగితాలు తీసి, వెనక ఖాళీగా ఉన్నవెన్నో, ఒకే కాగితం రెండుసార్లు వచ్చినవెన్నో లెక్కపెట్టండి. అమ్మను అడిగాకే ముట్టుకోండి, జీతాల వివరాలూ అవీ ఉండొచ్చు. ఏటీఎం స్లిప్పులు, షాపు బిల్లులు దొరికితే వేరుగా పెట్టండి. గోటితో గట్టిగా గీకితే నల్లగా మారేది వేడికి రంగు మారే కాగితం. దాన్ని పాత కాగితాలవాడికి వేసే కట్టలో కలపకూడదు.

లెక్క తేలాక నాకు రాయండి. దసరాకు వచ్చేటప్పుడు పోయినేటి నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల పేజీలు చించి తీసుకురండి. దబ్బనం, దారం సిద్ధంగా ఉంచుతాను. అట్టలు కూడా ఉన్నాయి.

ప్రేమతో,
అమ్మమ్మ