పుట్టుమచ్చల గురించి అడిగిన అమ్మాయికి, మిగతా పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

పదో తరగతి రికార్డుల కోసం బడిలో పుట్టుమచ్చలు రాసుకున్న రోజున మీలో ఒక అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. అమెరికాలో ఉన్న వాళ్ల పెద్దమ్మకు వీపు మీది మచ్చను కోసి పరీక్షకు పంపారట. అక్కడ మెలనోమా అనే చర్మ క్యాన్సర్ నలభై ఏళ్లలో ఆరు రెట్లయిందని ఆ సందర్భంలోనే ఆమె విన్నది. "తాతగారూ, అక్కడ ఎండ ఆరు రెట్లు పెరిగిందా?" అని అడిగింది. వైద్యులు కూడా తమలో తాము అడుగుకుంటున్న ప్రశ్న ఇది గనుక, అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను.

ఎండ అంత పెరగలేదు. తెల్లని చర్మం గలవారికి ఎండ కీడు చేస్తుందన్నది నిజమే గాని, ఆరు రెట్ల పెరుగుదలకు ఆ కారణం చాలదు. రోగుల లెక్క అంతగా పెరిగిన ఆ దశాబ్దాలలో మొత్తం జనాభాలో మెలనోమాతో చనిపోయేవారి నిష్పత్తి మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉండి, కొత్త మందులు వచ్చాక ఇటీవల తగ్గింది. గిల్బర్ట్ వెల్ష్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1986 నుంచి 2001 వరకు అక్కడి 65 ఏళ్లు దాటినవారి లెక్కలు పరిశీలించారు. చర్మం ముక్క తీసి చేసే పరీక్షలు రెండున్నర రెట్లయ్యాయి, మెలనోమా 2.4 రెట్లయింది, మరణాలు మారలేదు. ముందుగా పట్టుకోవడం వల్లనే మరణాలు పెరగలేదనుకుందామంటే, ముదిరిన దశలో బయటపడేవి తగ్గాలి కదా, అవీ తగ్గలేదు.

వరి చేలో కలుపుగా మొలిచే ఊద మీకు తెలుసు కదా. నా చిన్నతనంలో వంశధార కాలువ కింద మా పొలంలో ఉభాలు, అంటే వరి నాట్లు, అయిన కొద్ది వారాలకు కలుపు తీసేవారు. అప్పట్లో మాకు మందులు చల్లే అలవాటు లేదు. లేత ఊద అచ్చం వరిలాగే దుబ్బుల మధ్య నిలబడుతుంది. ఆకు కాడను కలిసే చోట వరికి సన్నని పొర ఉంటుంది, ఊదకు ఉండదు; అయితే బురదలో వంగి, వరసలో వెనకబడకుండా పీకేవారు ప్రతి మొక్క దగ్గరా ఆ పొరను వెతకలేరు. కూలీలు ఎక్కువమంది దొరికిన ఏడు గట్టు మీద కలుపు కుప్ప పెద్దదయ్యేది, దాన్ని చూసి ఈ ఏడు ఊద విపరీతంగా పుట్టిందని దారినపోయేవారు అనుకునేవారు. నిజానికి పెరిగినవి పీకే చేతులు. ఆ కుప్పలో అసలైన ఊద ఉండేది, పొరపాటున పీకిన వరి ఉండేది, వరి నీడన గిడసబారి ఎన్ను తీయకుండానే పోవలసిన ఊద కూడా ఉండేది. పీకిన మొక్క ఎండకు వాడిపోయాక అది ఏమయ్యేదో ఏ రైతూ చెప్పలేడు. మచ్చల విషయంలోనూ చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది: తీసేసిన మచ్చ తీయకపోతే ప్రాణం మీదికి తెచ్చేదో, జీవితాంతం అలాగే ఉండిపోయేదో ఎప్పటికీ తెలియదు.

సూక్ష్మదర్శిని కింద చూసినా అన్నీ తేలవు. అమెరికాలో చర్మం ముక్కలను పరీక్షించి జబ్బును తేల్చే 187 మంది పాథాలజిస్టులకు చర్మం ముక్కల గాజు పలకలు చూపించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. మామూలు మచ్చల దగ్గర, బాగా లోతుకు దిగిన మెలనోమా దగ్గర చాలావరకు ఒకే మాట చెప్పినవారు నడుమ రకాల దగ్గర ఏకీభవించలేదు. కొన్ని నెలల తర్వాత అదే పలకను మళ్లీ చూపితే, తాము మొదట చెప్పినదానికి భిన్నంగా చెప్పినవారూ ఎందరో ఉన్నారు.

మా పొలానికి వచ్చే ఒక ముసలమ్మ అనుమానం కలిగిన మొక్కను పీకేది కాదు. ఆకు కొన ముడివేసి ముందుకు సాగి, కొన్నాళ్ల తర్వాత తిరిగి వచ్చి చూసేది. నేను తొందరపెడితే "ఉండు గుంటడా, ఎదిగితే అదే సెప్తాది" అనేది. ఆ ఓర్పు నాకు ఇప్పటికీ గొప్పగానే తోస్తుంది. అయితే ఊదను వదిలేస్తే పోయేది కుంచెడు గింజలు, మెలనోమాను వదిలేస్తే ప్రాణమే పోవచ్చు. అందుకే అనుమానం రాగానే తీసేసే వైద్యుణ్ణి నేను తప్పుపట్టను. కానీ ఒకసారి క్యాన్సర్ అని కాగితం మీద పడిన తర్వాత ఆ మనిషికీ, ఇంటిల్లిపాదికీ పట్టుకునే భయాన్ని కూడా లెక్కలో వేయాలి. ఏ లక్షణమూ లేనివారి ఒళ్లంతా వెతకమని గాని, వద్దని గాని చెప్పేందుకు తగిన ఆధారం లేదని నివారణ వైద్యంపై సలహాలిచ్చే అక్కడి నిపుణుల బృందం 2023లో ప్రకటించింది.

మన సంగతి వేరు. మన చర్మంలో నలుపునిచ్చే మెలనిన్ అనే పదార్థం ఎక్కువ గనుక మెలనోమా మనలో అరుదు. వచ్చినప్పుడు మాత్రం తరచుగా అరికాలిలోనో, అరచేతిలోనో, గోటి కిందనో వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు కాలి వేలి గోటి కింద మొదలై, 1981లో 36 ఏళ్లకే ప్రాణం తీసింది. చెప్పులు లేకుండా పొలాల్లో తిరిగే మన పెద్దలు అలాంటి నల్లమచ్చ కనిపిస్తే ముల్లు విరిగిందనో, గోరు నలిగిందనో ఊరుకుంటారు. అక్కడ వెతికే చేతులు ఎక్కువై చిక్కు వచ్చింది, ఇక్కడ అసలు చూసేవారే లేరు.

అందువల్ల మీ బుగ్గ మీది పాత మచ్చను పదేపదే అద్దంలో చూసుకుని భయపడకండి. ఈ ఆదివారం మీ తాత, అమ్మమ్మ, మామ్మల కాళ్లు శుభ్రంగా కడిగి, వెలుతురులో అరికాళ్లూ గోళ్లూ చూడండి. ఏళ్ల తరబడి మారని మచ్చ అయితే వదిలేయండి. నెలల్లో పెరుగుతున్న మచ్చ, రంగులు కలగలిసిన మచ్చ, మానకుండా రక్తం కారే పుండు, గోటి కింద వెడల్పవుతున్న నల్ల చార కనిపిస్తే వారిని శ్రీకాకుళం తీసుకువెళ్లి ప్రభుత్వాసుపత్రిలో చర్మ వైద్యుడికి చూపించమని ఇంట్లో చెప్పండి. నొప్పి లేదు కదా, కోతలయ్యాక చూద్దామని వారు వాయిదా వేస్తే మీరు ఒప్పుకోకండి.

మీ తాత,
నరసన్నపేట