24 కన్నా ముందు 12: టెన్నిస్‌లో ఈ లెక్క ఎక్కడ మొదలైంది?

మగవాళ్ల టెన్నిస్‌లో అందరికన్నా గొప్ప ఎవరు? గెలిచిన గ్రాండ్‌స్లామ్ (ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, యూఎస్ ఓపెన్‌లు, వింబుల్డన్) సింగిల్స్ టైటిళ్లు చూస్తే ఫెడరర్ 20, నాదల్ 22, జొకోవిచ్ 24. ఈ అంకెలు చెప్పేస్తే గొడవ తీరిపోతుందనుకుంటారు కొందరు. తీరదు. ఫెడరర్ అభిమాని ఆటలోని అందం గురించి మొదలుపెడతాడు. నాదల్ అభిమాని ప్యారిస్‌లో, అంటే ఫ్రెంచ్ ఓపెన్‌లో, గెలిచిన 14 కప్పులూ వరసగా పేరుస్తాడు. జొకోవిచ్ అభిమాని ముఖాముఖి పోరు తీస్తాడు: ఫెడరర్ మీద 27-23, నాదల్ మీద 31-29, పైగా 428 వారాలు నంబర్ వన్. కాగితం మీద జొకోవిచ్‌దే పైచేయి, అందులో నాకూ అనుమానం లేదు. అయితే గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు లెక్కబెట్టి ఎవరు గొప్పో తేల్చడం టెన్నిస్‌లో మరీ పాత అలవాటేం కాదు.

ఈ లెక్కలో మగవాళ్లలో చాలాకాలం పైన ఉన్న పేరు రాయ్ ఎమర్సన్. 1967 నాటికి ఈ ఆస్ట్రేలియన్ ఖాతాలో 12 సింగిల్స్ టైటిళ్లున్నాయి. అతని దేశానికే చెందిన రాడ్ లేవర్‌కి 11. అయినా లేవర్ కన్నా ఎమర్సన్ గొప్పవాడు అనేవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. ఎందుకంటే 1968 దాకా ఆ నాలుగు గ్రాండ్‌స్లామ్ టోర్నీలూ అమెచ్యూర్లకు, అంటే ఆటను జీవనోపాధిగా చేసుకోనివాళ్లకు, మాత్రమే. ఖర్చుల పేరుతో చాటుగా డబ్బు పుచ్చుకుంటే ఫర్వాలేదు, బాహాటంగా ఆడి సంపాదిస్తే మాత్రం తలుపులు మూసేసేవారు. అమెరికాకి చెందిన పాంచో గొంజాలెజ్ 1948, 49లలో సొంతగడ్డ మీద టైటిల్ గెలిచి ప్రొఫెషనల్ అయ్యాడు. మళ్లీ గ్రాండ్‌స్లామ్ కోర్టులో అడుగుపెట్టేసరికి అతనికి 40 ఏళ్లు.

లేవర్ 1962లో ఒకే ఏడాది నాలుగూ గెలిచాడు. 1963లో ప్రొఫెషనల్స్‌లో చేరితే మొదటి నెలల్లో కెన్ రోజ్‌వాల్, లూ హోడ్ అతన్ని మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఓడించారు. అంటే నాలుగు కప్పులూ ఎత్తిన ఏడాదిలో కూడా ప్రపంచంలో మేటి ఆటగాడు అతనేనా అన్నది అనుమానమే. కొన్నాళ్లకు లేవర్ అక్కడా నంబర్ వన్ అయ్యాడు. ఈలోగా 21 గ్రాండ్‌స్లామ్‌లు అతను లేకుండానే జరిగిపోయాయి. ఎమర్సన్ 12లో పది వచ్చింది ఆ కాలంలోనే. 1968లో అందరికీ తలుపులు తెరిచాక తొలి ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ఆడింది ఎవరు? రోజ్‌వాల్, లేవర్. గెలిచింది రోజ్‌వాల్. మరుసటి ఏడాది లేవర్ మళ్లీ నాలుగూ ఊడ్చేశాడు.

ఇలా ప్రొఫెషనల్స్‌కీ తలుపులు తెరుచుకున్న ఓపెన్ శకం వచ్చింది కదా అని అందరూ నాలుగు టోర్నీలూ ఆడారా అంటే అదీ లేదు. ఆస్ట్రేలియా దూరం, ప్రైజ్‌మనీ తక్కువ, పైగా క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజులు. 1976లో అక్కడ కప్పు గెలిచిన మార్క్ ఎడ్మండ్‌సన్ ర్యాంకు 212. స్వీడన్ ఆటగాడు బ్యోర్న్ బోర్గ్ తన కెరీర్ మొత్తంలో అక్కడికి వెళ్లింది ఒక్కసారి, 1974లో. ఏడాదిలో మిగతా మూడూ గెలిస్తే నాలుగో దానికోసం వెళ్దామన్నది అతని ఆలోచన. యూఎస్ ఓపెన్ ఏనాడూ చిక్కలేదు, ఆ ప్రయాణమూ పడలేదు. 11 టైటిళ్లతో 26 ఏళ్లకే ఆట మానేశాడు. అమెరికా క్రీడాకారిణి క్రిస్ ఎవర్ట్ అయితే అక్కడి టీమ్ టెన్నిస్ లీగ్ ఆడటానికి 1976 నుంచి మూడేళ్లు వరసగా ఫ్రెంచ్ ఓపెన్‌నే వదిలేసింది, ఆ టోర్నీ జరిగే క్లే (మట్టి) కోర్టు మీద ఆమెకు తిరుగులేని రోజుల్లో! మొత్తం ఎన్ని అని అప్పట్లో ఎవరూ వేళ్లు మడిచి చూసుకోలేదు.

ఆ అంకెకు ఊపిరి పోసింది పీట్ సాంప్రస్. 2000 వింబుల్డన్ ఫైనల్లో వానల వల్ల పొద్దుపోయి, దాదాపు చీకట్లో పాట్ రాఫ్టర్‌ని ఓడించాక, గ్యాలరీలో కూర్చున్న అమ్మానాన్నల దగ్గరికి ఎక్కి వెళ్లాడు. అది 13వ టైటిల్. ఎమర్సన్ రికార్డు పోయింది. 2002లో 14తో సాంప్రస్ ఆపేస్తే ఇక దాన్ని ఎవరూ దాటలేరనుకున్నారు. ఏడేళ్లకే, వింబుల్డన్ ఫైనల్లో ఆండీ రాడిక్ మీద ఐదో సెట్‌ను 16-14తో గెలిచి ఫెడరర్ 15 అందుకుంటుంటే, సాంప్రస్ సెంటర్ కోర్టులోనే కూర్చుని చూశాడు. 2001 నుంచి సీడ్‌లు (మొదట్లోనే ఒకరికొకరు ఎదురుపడకుండా డ్రాలో విడదీసే మేటి ఆటగాళ్లు) 16 బదులు 32 అయ్యాయి, పెద్దవాళ్లు తొలి రౌండ్లలోనే ఒకరికొకరు తగలడం తగ్గింది. వింబుల్డన్ గడ్డి రకం కూడా అదే ఏడాది మారింది. ఫెడరర్, నాదల్, జొకోవిచ్ ముగ్గురూ అన్ని కోర్టుల మీదా నెగ్గడానికి ఇవీ కొంత కారణమే.

ఆడవాళ్ల పట్టికలో పైన ఉన్న మార్గరెట్ కోర్ట్ 24 టైటిళ్లలో 11 ఆస్ట్రేలియావే. సెరీనా 23 దగ్గర ఆగింది, ఆ తర్వాత నాలుగు ఫైనల్స్ ఓడిపోయి. స్టెఫీ గ్రాఫ్ 22 గురించి మాట్లాడాలంటే మాత్రం 1993 ఏప్రిల్ 30 గుర్తు తెచ్చుకోవాలి. హాంబర్గ్‌లో గేమ్‌ల మధ్య కుర్చీలో కూర్చున్న మోనికా సెలెస్‌ని వెనకనుంచి ఒకడు కత్తితో పొడిచాడు. గ్రాఫ్ నంబర్ వన్‌గా ఉండాలన్నదే వాడి పిచ్చి. అప్పటికి సెలెస్‌కి 19 ఏళ్లు, 8 గ్రాండ్‌స్లామ్‌లు. రెండేళ్లకు పైగా ఆటకు దూరమై తిరిగొచ్చాక గెలిచింది ఒక్కటే. అభిమానం కత్తి పట్టుకుంటే పట్టికలో ఏ అంకె ఎటు జరిగిందో ఎలా లెక్కేస్తాం?

ఇప్పటి గొడవకొస్తే, ఫెడరర్ అభిమాని ముందు ‘40-15’ అనండి చాలు, మొహం మాడిపోతుంది. 2019 వింబుల్డన్ ఫైనల్, ఐదో సెట్, 8-7, సర్వ్ ఫెడరర్‌ది. స్కోరు 40-15, అంటే రెండు మ్యాచ్ పాయింట్లు: రెండిట్లో ఒక్కటి గెలిచినా కప్పు అతనిదే. ఒకదాన్ని ఫోర్‌హ్యాండ్ బయటికి కొట్టి పోగొట్టుకున్నాడు. రెండోదానికి నెట్ దగ్గరికొస్తే జొకోవిచ్ అడ్డంగా కొట్టిన ఫోర్‌హ్యాండ్ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ రోజు మొత్తం పాయింట్లు ఫెడరర్‌కి 218, జొకోవిచ్‌కి 204. కప్పు జొకోవిచ్‌ది.