సరుగుడు కంచె ఎండిపోతుంటే ముందుగా ఏం చూడాలి?

మార్చి వచ్చేసరికి హన్మకొండ, కాజీపేట కాలనీల ప్రహరీల వెంట, పత్తి చేల గట్ల మీద వరుసగా పెంచిన సరుగుడు చెట్లలోనూ, ఇళ్ల ముందు కంచెగా కత్తిరించి పెంచే మోర్‌పంఖి (తూజా) చెట్లలోనూ కొన్ని ఉన్నట్టుండి గోధుమరంగుకు తిరిగి బోసిపోతుంటాయి. కంటికి పురుగు కనిపించదు, ఆకుమచ్చ కనిపించదు. అయినా చాలామంది వెంటనే మందుల దుకాణానికి వెళ్లి, అక్కడ ఏది ఇస్తే అది తెచ్చి పిచికారీ చేస్తారు. ఆ ఖర్చు చాలావరకు వృథాయే, ఎందుకంటే చెట్టుకు దెబ్బ తగిలింది ఆ వారంలో కాదు. తరచుగా అది అంతకు కొన్ని నెలల ముందు, నేల లోపల తగిలి ఉంటుంది.

మెత్తని ఆకులున్న మొక్కకు వేర్లు పాడైతే ఆకు త్వరలోనే వాడి వేలాడుతుంది. ఈ చెట్లు అలా బయటపడవు. వాటి పచ్చని భాగాల మీద మైనపు పొర మందంగా ఉంటుంది, ఆవిరి రంధ్రాలు గాడుల్లోనో గుంటల్లోనో దాగి ఉంటాయి, లోపలి కణజాలం గట్టిది కాబట్టి నీరందకపోయినా వాలిపోదు. నరికిన కొమ్మ కూడా చాలా రోజులు పచ్చగానే ఉండటానికి కారణం ఇదే. మన ప్రాంతంలో వాన అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడింది. అంత కాకపోయినా, ఒక మోస్తరు ముసురుకే నల్లరేగడిలో నీళ్లు నిలిచి, మట్టి రేణువుల మధ్య గాలి పోయి, సన్నవేర్లు ఊపిరాడక చనిపోతాయి. మోర్‌పంఖికి నిలవనీరు అసలు పడదు. పైగా ఫైటోఫ్తోరా వంటి వేరుకుళ్లు సూక్ష్మజీవుల బీజాలు నీటిలో ఈదుకుంటూ పక్క చెట్టు వేర్లకు చేరగలవు. మిగిలిన కొద్ది వేర్లతో చెట్టు చలికాలం గట్టెక్కుతుంది కానీ, ఎండలు ముదిరేకొద్దీ ఆ వేర్లు తోడే నీళ్లు చాలవు.

అయితే రాలే ప్రతి సూదీ జబ్బుకు గుర్తు కాదు. సరుగుడు సూదిని వేళ్లతో పట్టుకొని మెల్లగా లాగితే కణుపు దగ్గర ఊడివస్తుంది; ఆ కణుపు చుట్టూ కిరీటంలా కనిపించే చిన్న చిన్న పళ్లే దాని అసలు ఆకులు, మనం సూది అనుకునేది పచ్చని రెమ్మ. ఈ రెమ్మలకూ, మోర్‌పంఖి పొలుసులకూ కొంత ఆయుష్షే ఉంటుంది. కొమ్మ లోపలివైపు, నీడలో ఉన్న పాతవి మాత్రమే అన్ని చెట్లలో ఒకే తీరున రాలుతూ, చివర్లు పచ్చగా ఉంటే దిగులుపడనక్కర లేదు. చివర్ల నుంచి లోపలికి ఎండుతున్నా, ఒక కొమ్మ మొత్తంగా ఎర్రబారినా అనుమానించాలి.

అప్పుడు చెట్టును కాదు, వరుసను చూడాలని నేను గట్టిగా చెబుతాను. రోడ్డువైపు లేదా చేనువైపు ముఖం మాత్రమే మాడి, పక్కనున్న కాగితపు పూలతీగ, గడ్డి కూడా అదే వారంలో మాడితే అది రోగం కాదు. కలుపు మందు తుంపర గాలికి కొట్టుకొచ్చి ఉండవచ్చు. వేర్వేరు జాతుల మొక్కలు ఒకేసారి దెబ్బతినడం రసాయనానికో నీటికో గుర్తు. ఒకే జాతిలో, ఒక చెట్టు నుంచి పక్క చెట్టుకు నెలల తరబడి పాకుతూ పోతే జీవమున్న కారణం ఉందని అర్థం. పల్లపు చివర నుంచి మొదలైతే నీరు నిలవడాన్ని, ఒక హద్దు దగ్గర సరిగ్గా గీత గీసినట్టు ఆగితే పైపులైను కోసం తవ్విన కందకాన్నో, మొదళ్ల మీద పోసిన మొరాన్నో శంకించాలి. ఫోనులోని పాత ఫొటోలు ఇక్కడ బాగా పనికొస్తాయి, కంచె పలచబడటం ఏ నెలలో మొదలైందో అవి చెబుతాయి.

తరువాతే దగ్గరి పరీక్ష. కొమ్మ బెరడును గోటితో గీకితే లోపల తడిగా పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. కొమ్మ కింద తెల్లకాగితం పట్టి తట్టినప్పుడు రాలిన దుమ్ములో చుక్కలు కదులుతూ, వేలితో రుద్దితే మరక పడితే అది ఎర్రనల్లి. దాన్ని నీళ్ల ధారతో గట్టిగా కడగడం మేలు, సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు నల్లిని తినే మిత్రపురుగులను చంపి దాన్నే పెంచుతాయి. సరుగుడు మొదట్లో బెరడు బుడిపెలుగా ఉబ్బి, పగిలి, లోపల నల్లని మసిలాంటి పొడి కనిపిస్తే అది బొబ్బబెరడు తెగులు. ఆ పొడి శిలీంధ్ర బీజాలే కనుక చెట్టును వేర్లతో సహా తీసి కాల్చాలి. ఏ గుర్తూ లేకపోతే మొదలు పక్కన జానెడు లోతు తవ్వి సన్నవేరు ఒకటి లాగి చూడాలి: పైతోలు జారిపోయి మధ్య దారం మాత్రమే మిగిలితే వేరుకుళ్లు. నర్సరీ పాలిథిన్ కవరులో చుట్టుకున్న వేర్లు ఏళ్ల తరువాత మొదలుకే ఉరిగా బిగుసుకోవడం కూడా ఇక్కడే బయటపడుతుంది.

పరీక్షకు పంపాలనుకుంటే పూర్తిగా ఎండిన కొమ్మ పనికిరాదు, బతికిన భాగం చచ్చిన భాగం కలిసే చోటు నుంచి ముక్క తీయాలి. వేరుకుళ్లు ఫైటోఫ్తోరా వల్లే అని తేలితే దుకాణాల్లో అలవాటుగా ఇచ్చే కార్బెండజిమ్ అనే తెగుళ్ల మందు దాని మీద పనిచేయదు. ముందు నీళ్లు పోయే దారి చేయాలి, ఆ తరువాతే మెటలాక్సిల్ వంటి మందు గురించి ఆలోచించాలి. పచ్చదనం అంతా పోయి కట్టె మాత్రమే మిగిలిన మోర్‌పంఖి కొమ్మ మళ్లీ చిగురించదు కాబట్టి దాని కోసం ఎదురుచూడకుండా, కొత్త మొక్కను అదే గుంతలో కాక కాస్త ఎత్తుగా పోసిన కట్ట మీద నాటడం మంచిది.