ఎలుగుబంటి నోట్లో ఆ రెండు పళ్ళు

పర్లాకిమిడి

చిట్టీ, బుజ్జిగా,

నేను గీసి పంపిన బొమ్మల పుస్తకం అందిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అందులో పిల్లాడు ఎలుగుబంటిలా మోకాళ్ళ మీద వంగి ఇసకకుప్పని చెదల పుట్ట అనుకుని ‘ఫూ’ అని ఊదుతాడు కదా, అది చూసి బుజ్జిగాడు శనగపిండి డబ్బాలో ఊదాడట! వంటిల్లంతా పిండి, వాడికి ఒకటే తుమ్ములు. తిట్లు నాకూ పడ్డాయిలే.

ఒరే బుజ్జిగా, ఎలుగుకి ఆ తుమ్ములు రావు. అది ముక్కు రంధ్రాలు మూసేసుకోగలదు. ముందు పొడవాటి గోళ్ళతో పుట్ట తవ్వుతుంది. తర్వాత గట్టిగా ఊది దుమ్ము ఎగరగొడుతుంది. అప్పుడు పెదాలు గొట్టంలా చాచి చెదపురుగుల్ని జుర్రున పీల్చేస్తుంది. ఆ చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది.

చిట్టీ, ముందు పళ్ళు రెండూ ఊడాయని బడికి పోనంటున్నావట. పెద్ద ఎలుగుకి పై వరసలో సరిగ్గా ఆ నడిమి రెండు పళ్ళే ఉండవు తల్లీ! మిగతా ఎలుగుజాతుల్లో చాలావాటికి 42 పళ్ళుంటే, మన అడవుల్లో తిరిగే దీనికి 40. ఆ సందులోంచే చెదలు లోపలికి పోతాయి. నమ్మకపోతే ఇద్దరూ సేమియా పాయసం ముందు పెట్టుకుని, చెంచా లేకుండా, పళ్ళు బిగించి పీల్చండి. ఎవరి గిన్నె ముందు ఖాళీ అయిందో నాకు రాయండి. నా పందెం చిట్టి మీదే.

తల్లి ఎలుగు వీపు మీద పిల్లలు జుట్టు పట్టుకుని వెళ్ళే బొమ్మ కూడా ఉంది. దానికి మీ నాన్న వీపు ఉందిగా.

ఈ ఆటలన్నీ ఇంట్లోనే. మా చిన్నప్పుడు తెల్లవారుజామున ఇప్పపూలు ఏరుకోడానికి కొండవైపు వెళ్ళేవాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటూ, రేకుడబ్బా వాయించుకుంటూ నడిచేవాళ్ళు. ఎలుగుకీ ఆ పూలంటే ప్రాణం. చెట్టు కింద మనిషి ఉన్నట్టుండి ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. చప్పుడు ముందే వింటే చాలాసార్లు తనే తప్పుకుంటుంది. అందుకే పుస్తకంలో పిల్లాణ్ణి పెరట్లో, ఇసకకుప్ప ముందు కూర్చోబెట్టాను.

అన్నట్టు, నాలుగో పేజీలో ఎలుగు నోరు తెరిచిన చోట పొరపాటున పళ్ళన్నీ గీసేశాను. చిట్టీ, పైన నడిమి రెండూ నల్ల పెన్సిల్‌తో నింపెయ్యమ్మా.

మీ తాతయ్య