రాగికి పోటీ ఎక్కడ?

విద్యుత్తును మోయడంలో లోహాలన్నింటిలోనూ వెండిది మొదటి స్థానం. ఆ తరువాత రాగి, బంగారం, అల్యూమినియం వస్తాయి. విద్యుత్తును ఒక పదార్థం ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత విశిష్ట నిరోధం; అది ఎంత తక్కువైతే అంత మేలు. గది ఉష్ణోగ్రత వద్ద రాగి విశిష్ట నిరోధం సుమారు 1.68 మైక్రోఓమ్-సెంటీమీటర్లు కాగా, వెండిది 1.59, అల్యూమినియంది 2.65. రాగికి ప్రత్యామ్నాయమంటూ ఏ కొత్త పదార్థం పేరు వినిపించినా ఈ ఒక్క అంకెతోనే గెలుపోటములు తేల్చేయడం పరిపాటి అయింది. గోదావరి డెల్టాలో, సముద్రానికి చేరువగా రొయ్యల చెరువుల గట్ల మీద పనిచేసే మోటార్లను, స్టార్టర్లను, సెన్సర్లను గమనించినవారికి ఆ అంకె చెప్పని సంగతులే ఎక్కువని తెలుస్తుంది.

అల్యూమినియం తీగకు రాగి తీగతో సమానమైన నిరోధం రావాలంటే దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 1.6 రెట్లు ఉండాలి. అయినా దాని బరువు రాగి తీగ బరువులో సగానికి మించదు. ధర కూడా తక్కువ కనుక స్తంభాల మీది తీగలు దానివే. చిక్కంతా అతుకు దగ్గర వస్తుంది. గాలి తగలగానే అల్యూమినియం మీద ఏర్పడే పలుచని ఆక్సైడు పొర విద్యుత్తును మోయదు. పైగా రాగిని, అల్యూమినియాన్ని నేరుగా మెలిపెట్టి చుట్టిన చోట ఉప్పు తేమ చేరితే, ఆ జంట ఒక చిన్న విద్యుద్ఘటంగా (బ్యాటరీలా) మారి అల్యూమినియం తుప్పుపట్టి తరిగిపోతుంది. అతుకు నిరోధం పెరుగుతుంది, వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. కిరణజన్య సంయోగక్రియ లేని రాత్రి వేళ ఏరియేటర్ (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రం) ఇలా ఆగితే, తెల్లవారేలోగా చెరువులో ప్రాణవాయువు అడుగంటుతుంది. అందువల్ల రెండు లోహాలను కలపడానికి తయారైన లగ్గులు (తీగ చివర బిగించే లోహపు తొడుగులు) వాడడం, రాగి తీగ అయితే తగరం పూత పూసినది ఎంచుకోవడం ఇక్కడ అనవసరపు ఖర్చు కాదు.

జాబితాలో మొదటిదైన వెండి ఈ గాలిలో మరింత తేలిపోతుంది. చెరువు అడుగున ప్రాణవాయువు అందని నల్ల బురద నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడు వెండిని నల్లబరుస్తుంది. తేమ, వోల్టేజీ కలిసిన చోట వెండి అయాన్లుగా కదిలి, సర్క్యూట్ బోర్డు మీద పక్కపక్కనున్న రెండు లోహపు గీతల మధ్య సన్నని కొమ్మలుగా పెరిగి షార్టు చేయగలదు. రాగికన్నా నిరోధం ఎక్కువైనా కనెక్టర్ల మీద బంగారం పూత పూసేది అది తుప్పు పట్టదు గనుకనే.

చిప్పు లోపల లెక్క వేరు. 1997లో ఐబీఎం ప్రకటనతో చిప్పుల్లో అల్యూమినియం స్థానంలోకి రాగి రావడం మొదలైంది. అయితే రాగిలో ఎలక్ట్రాను ఒక తాకిడికీ మరో తాకిడికీ మధ్య సగటున దాదాపు 40 నానోమీటర్లు ప్రయాణిస్తుంది. తీగ వెడల్పు అంతకన్నా తగ్గితే, పెద్ద కాలువలో సాఫీగా సాగిన నీరు బోదెలో గట్లను ఒరుసుకుంటూ మందగించినట్లు, ఎలక్ట్రాన్లు తీగ అంచులను తాకి చెదరిపోతాయి. దానికి తోడు, రాగి చుట్టుపక్కలకు చొచ్చుకుపోకుండా వేసే టాంటలం అడ్డుపొర ఆ ఇరుకు చోటులోనే కొంత ఆక్రమిస్తుంది. రుథీనియం అనే లోహం విశిష్ట నిరోధం రాగికి నాలుగు రెట్లకు పైనే. కానీ అందులో ఎలక్ట్రాను ప్రయాణించే సగటు దూరం చాలా తక్కువ కనుక, ఇరుకుదనం దానిని అంతగా బాధించదు. చిప్పుల సంస్థ ఇంటెల్ తన 10 నానోమీటర్ల తరం చిప్పుల్లో అతి సన్నని అడుగు పొరలకు కోబాల్టును వాడింది కూడా ఇటువంటి లెక్కతోనే. నా దృష్టిలో రాగికి అసలైన పోటీ ఇక్కడే ఉంది.

రాగికి ప్రత్యామ్నాయంగా చెప్పే కార్బన్ నానోగొట్టాల (కార్బన్ అణువులతో ఏర్పడే అతి సన్నని గొట్టాల) విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఒంటి గొట్టం మీద కొలిచిన వాహకత అద్భుతంగా ఉంటుంది. లక్షల గొట్టాలను తీగగా పేనితే ఒకదాని నుంచి మరొకదానికి కరెంటు దూకవలసిన ప్రతి చోటా నిరోధం చేరుతుంది. కనుక అడగవలసినది పేనిన తీగ అంకెను. ఎలక్ట్రానిక్ భాగాలకు సాధారణంగా జరిపే 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమ పరీక్షలో ఉప్పు ఉండదు. కోనసీమ తీరానికి పంపే సరుకైతే ఉప్పునీటి తుంపర పరీక్ష తరువాత అతుకు నిరోధం ఎంత పెరిగిందో కూడా అడగాలి.